పోర్టుల వరస

రెండు సర్క్యూట్లను కలిపే ఆ కనెక్టరు అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. ఇటు పన్నెండు కాళ్లు, అటు పన్నెండు కాళ్లు. ఒక్కో కాలూ ఒక్కో పోర్టు, అంటే సిగ్నల్ లోపలికి దూరడానికో బయటపడడానికో ఒక గుమ్మం. కింద ల్యాబులో వదిన ఒక్కో గుమ్మంలోంచి సిగ్నల్ పంపి, మిగతా గుమ్మాల్లో ఎంత బయటికొస్తోందో ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గరా ఓపిగ్గా కొలిచేది. ఆ కొలతలతో పై అంతస్తులో ఆడపడుచు కంప్యూటర్లో సర్క్యూట్ నడిపేది. ఈ చివర ఒక పల్సు వదిలితే ఆ చివరికి ఎప్పుడు, ఏ రూపంలో చేరుతుందో గీత గీసి చూపించడం ఆవిడ పని.

వదినా ఆడపడుచులు ఒకే ఆఫీసులో ఉంటే ఉప్పూ నిప్పూ అనుకున్నవాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు. వీళ్లిద్దరూ బడిలో ఒకే బల్ల మీద పెరిగినవాళ్లు. అన్నయ్యకు ఆ పెళ్లి కుదిర్చింది కూడా చెల్లెలే. ఇంట్లో తగువొస్తే ఇద్దరూ ఒక్కటైపోయేవారు. పాపం, ఆ మహానుభావుడికి సొంత ఇంట్లోనే దిక్కు లేకుండా పోయింది.

ఆ రోజు మీటింగులో గీత తెర మీద పడింది. పల్సు చేరాల్సిన చోట ఏమీ లేదు, చదునుగా ఉంది. పెద్దసారు మొహం మాడ్చుకున్నారు.

"తప్పెక్కడుంది?"

ఆడపడుచు కంగారుగా గీతను ముందుకీ వెనక్కీ జరిపింది. "కొలతల్లోనే ఏదో తేడా ఉందండీ," అనేసింది.

వదిన చటుక్కున తలెత్తింది. "పోర్టుల వరస చూశావటే?"

"చూశాను."

చూడలేదు. చూడాలంటే అర నిమిషం పట్టదు. నలుగురిలో ఆ మాట వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఆవిడకు అహం అడ్డొచ్చింది. వదిన ఆవిడ వంక ఒక్కసారి చూసి, తన కాగితాలు సర్దుకుంది. సాయంత్రానికల్లా వదినను ల్యాబు నుంచి తప్పించి సామాన్ల గదికి పంపించారు.

మర్నాడు ఆడపడుచు ఫైలు తెరిచింది. ఎదురెదురు కాళ్లకు వదిన ఒకటి, రెండు అని పక్కపక్క అంకెలు వేసింది. తనేమో ఒకటికి ఎదురుగా, సిగ్నల్ బయటపడే గుమ్మం పదమూడు అనుకుని కంప్యూటర్లో కలిపేసింది. వరస సరిచేసి నడిపితే పల్సు బుద్ధిగా రావాల్సిన చోటికే వచ్చింది. ఆవిడకు ఏడుపు ఆగలేదు. పరుగున వెళ్లి తప్పంతా తనదేనని పెద్దసారుతో చెప్పింది. ఆయన వదినను పిలిపించి ల్యాబు తాళాలు తిరిగి చేతిలో పెట్టారు. వదిన తాళాలు పుచ్చుకుని, సెలవడిగి ఇంటికెళ్లిపోయింది.

ఉద్యోగం సంగతి సరే, ఇక మిగిలింది స్నేహం. అది పోతే తను బతకలేదని ఆడపడుచుకు తెలుసు. ఆఫీసు అవగానే అన్నయ్య ఇంటికి వెళ్లి బెల్లు కొట్టింది. తలుపు తీసిన వదిన మొహంలో కోపం లేదు. ఉంటే ఎంత బావుండేది!

"రండి, లోపలికి రండి."

ఎవరిని అంటోందో అర్థంకాక ఆడపడుచు వెనక్కి తిరిగి చూసింది. మెట్ల మీద ఎవరూ లేరు.

"తిట్టవే నన్ను. చెంప పగలగొట్టు. చూడకుండానే చూశానన్నాను."

"అయ్యో, దానికేముందండీ. పనన్నాక జరుగుతుంటాయి. కూర్చోండి."

ఆడపడుచు దగ్గరికి జరిగింది. చెయ్యి పట్టుకోబోతే, వదిన ఆ చేత్తోనే మర్యాదగా కుర్చీ జరిపింది.

"ఒసేయ్, నేనే. ఇలా మాట్లాడకే, నీకు దణ్ణం పెడతాను."

"మీ అన్నయ్యగారు స్నానం చేస్తున్నారు, ఇప్పుడే వచ్చేస్తారు," అంది వదిన. "ఈలోగా మంచినీళ్లేమైనా తీసుకుంటారా?"