తేదీ వెయ్యని కార్డు

భానుప్రకాష్‌కి రెండు ప్రింటర్లు. ఒకటి గుడివాడలో తను పనిచేసే జూనియర్ కాలేజీ ఆఫీసులో, రెండోది ఇంట్లో. రెండూ ఒకే రకం, రెండూ వైరు లేకుండా వైఫై మీద నడిచేవే. ఆఫీసుకి కొనిపించిందీ అతనే. అది బాగుందని ఇంటికీ అలాంటిదే తెచ్చుకున్నాడు. వాటి గుట్టు తనకు తెలిసినట్టు కృష్ణా జిల్లాలో ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం. నమ్మకానికేం, ఖర్చులేని పని.

ఆఫీసులో అందరికీ ఒక రూలు పెట్టాడు. కాగితం పంపేముందు అది ఏ ప్రింటరుకి వెళ్తోందో చూసుకోవాలి, పంపాక వచ్చిందో లేదో నిలబడి చూసుకోవాలి. ఈ రూలు పుట్టింది ఫిజిక్స్ లెక్చరరు పుణ్యాన. ఆయన వేరే కాలేజీలో ఉద్యోగానికి దరఖాస్తు రాసుకుని, ఇంటి ప్రింటరుకి పంపాననుకుని ఆఫీసు దానికి పంపాడు. అది ప్రిన్సిపాల్ సంతకం పెట్టాల్సిన కాగితాల మధ్యలో కూర్చుంది. భానుప్రకాష్ ఈ కథ వారానికోసారన్నా చెప్పేవాడు. పక్క సీటు సయీదా మేడమ్ వినీ వినీ విసిగిపోయి, చెప్పడం మొదలెట్టగానే రెండు చేతులూ జోడించేది.

అతనికి ముందుచూపు కూడా జాస్తి. కూతురు తేజస్విని పదో తరగతిలో ఉండగానే ఇంటర్ హాల్ టికెట్టు దాచడానికి ప్లాస్టిక్ కవరు కొని పెట్టాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మనవాడు ఆ పెద్దల కంటే రెండాకులు ఎక్కువే చదివాడని జనవరిలో తేలింది.

జనవరి చివర్లో మామగారు సత్తయ్యకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. సత్తయ్య కాలవల శాఖలో లస్కరుగా చేసి రిటైరైన మనిషి. అవనిగడ్డ అవతల లాకుల దగ్గర తలుపులు ఎత్తుతూ దించుతూ ముప్పై ఏళ్ళు గడిపాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. ఉన్న ఒక్క కూతురు వసుంధర భానుప్రకాష్ భార్య. బందరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పిస్తే, నాలుగోరోజు పొద్దున డాక్టరు బయటికొచ్చి, వయసు డెబ్బై కదండీ, చెప్పాల్సిన వాళ్ళకి చెప్పుకోండి అన్నాడు.

చెప్పాల్సిన వాళ్ళు అనగానే వసుంధరకి మొదట గుర్తొచ్చింది మేనత్త అచ్చమ్మ. సత్తయ్యకి తొమ్మిదేళ్ళు పెద్ద, ఒక్కతే అక్క. తల్లి పోతే తమ్ముణ్ణి చంక దించకుండా పెంచింది. ఘంటసాలలో ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా తమ్ముడితో మాటల్లేవు. కారణం ఏమిటంటే, సాక్షాత్తూ భానుప్రకాషే. వసుంధరని తన కొడుకు అరుణ్‌కి చేసుకుంటానని అచ్చమ్మ చిన్నప్పటినుంచీ అనుకుంది. మేనరికం మీద ఆవిడకి హక్కుంది, ఆశా ఉంది. సత్తయ్య మాత్రం పిల్ల గుడివాడలో ఉంటే సుఖపడుతుందని బయటి సంబంధం ఖాయం చేసి, ఆ తర్వాత అక్కకి చెప్పాడు. ఆ రోజు ఆవిడ వాకిట్లో చెప్పులు వేసుకుని వెళ్ళింది, చుట్టపుచూపుగా మళ్ళీ ఆ వాకిట్లో విప్పలేదు. తమాషా ఏమిటంటే, అరుణ్‌కీ భానుప్రకాష్‌కీ ఏ గొడవా లేదు. బస్టాండులో కనబడితే అన్నయ్యా అంటే తమ్ముడూ అని టీ తాగి విడిపోతారు.

అత్తకి ఫోన్ చేద్దామండీ అని వసుంధర అంటే, భానుప్రకాష్ రేపు చూద్దాం అన్నాడు. ఆవిడొచ్చి ఆస్పత్రిలో పాతవన్నీ తవ్వితే ఎవరు ఆపుతారన్నది అతని భయం. ఆ తవ్వకంలో ముందు బయటపడేది తనే కదా. వసుంధర తండ్రి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. వాదించే స్థితిలో లేదు.

మధ్యాహ్నం అతను బట్టలు తేవడానికి గుడివాడ వచ్చాడు. వచ్చినవాడు బట్టలు సర్దుకుని వెళ్ళక, ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆరేళ్ళ కిందట అత్తగారి పెద్దకర్మ కార్డు తనే తయారు చేశాడు. ఆ ఫైలు అలాగే ఉంది. దానికి నకలు తీసి పేరు మార్చాడు, ఫోటో మార్చాడు. తేజస్విని ఓణీల ఫంక్షన్లో సత్తయ్య పళ్ళన్నీ కనబడేలా నవ్విన ఫోటో దొరికితే అదే పెట్టాడు. 'తేది ........న స్వర్గస్థులైనందున' అన్నచోట చుక్కలు వదిలాడు. కింద 'ఇట్లు' అని కూతురు, అల్లుడు, మనవరాలు, ఆ పైన బావమరుదులు, తోడల్లుళ్ళు, వాళ్ళ పిల్లలు, అందర్నీ వేశాడు. అచ్చమ్మ పేరు దగ్గర చెయ్యి ఆగింది. మాటల్లేని మనిషి పేరు వేస్తే ఏమంటుందో అనుకున్నాడు. అనుకుని వదిలేశాడు.

ఆఫీసులో ప్రింటు తీస్తే సయీదా మేడమ్ కంట పడుతుంది, మనిషి ఉండగానే కార్డా అని కాలేజీ అంతా అంటుంది. అందుకని ఇంట్లోనే పాతిక కాపీలు కొట్టాడు. రాలేదు. మళ్ళీ పాతిక కొట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది, పోయిన వారమే వైఫై డబ్బా మార్పించారు. ప్రింటరు పాపం ఇంకా పాత డబ్బానే వెతుక్కుంటోంది. సరే దాని సంగతి చూద్దామని లేచేలోపు వసుంధర ఫోన్.

"నాన్న కళ్ళు తెరిచారండీ. టీ అడుగుతున్నారు."

భానుప్రకాష్ కుర్చీలో కూలబడి ఏడ్చాడు. మామగారంటే అతనికి నిజంగా ఇష్టం. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని కార్డు ఫైలు చెరిపేశాడు. చెరిపినవి చేరే బుట్టలోంచి కూడా చెరిపాడు. ఇంత పాపిష్టి పని చేశానని భార్యకి కూడా చెప్పలేదు. మామగారి కంట ఇది పడితే ఇక మొహం చూపించడానికి ఉండదు, అంతకంటే పురుగుల మందు తాగడం నయం అనుకున్నాడు.

అయితే, ప్రింటుకి పంపిన కాగితం ఫైలు చెరిపితే పోదు. ప్రింటరు దొరికేదాకా అది కంప్యూటర్లో వరసలో నిలబడే ఉంటుంది. ఈ ముక్క ఆఫీసులో పదిమందికి బోధించినవాడు అతనే.

సత్తయ్య కోలుకుని కూతురింటికి వచ్చాడు. నడవాలో మంచం వేశారు. మంచం పక్కన బల్ల, బల్ల మీద ప్రింటరు. ఫిబ్రవరి మూడోవారం వచ్చేసరికి ఆయనకి కొత్త బెంగ పట్టుకుంది. పెన్షనుదారులు తాము బతికే ఉన్నామని ఏటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవాలి. గడువు నెలాఖరు. ఆ ఫారం ఒక్కటి ప్రింటు తీసి పెట్టండి అల్లుడుగారూ అని మూడురోజులుగా అడుగుతున్నాడు. సొంత కాగితాలు ఆఫీసులో తియ్యకూడదన్నది భానుప్రకాష్ పెట్టిన రూళ్ళలో రెండోది. అందుకని ఆ సాయంత్రం కాలేజీనుంచి వస్తూనే, ఇంటి ప్రింటరు పని పడదామని కూర్చున్నాడు.

ఫారం పంపాడు. ముందు గదిలో వైఫై డబ్బా దగ్గరికి వెళ్ళి, దాని వెనక రాసున్న పాస్‌వర్డు చూసుకుంటూ, ఫోన్లోంచి ప్రింటరుకి కొత్త డబ్బాని పరిచయం చేశాడు. నడవాలో ప్రింటరు మేలుకున్న చప్పుడైంది. అతనికి ఒళ్ళు పులకరించింది.

"వస్తోందా మావయ్యగారూ?" అని అక్కణ్ణుంచే అడిగాడు.

"వస్తోంది అల్లుడుగారూ."

"నల్లగా, స్పష్టంగా వచ్చిందాండీ?"

"శుభ్రంగా వచ్చింది. నా ఫోటో కూడా బాగా పడింది."

భానుప్రకాష్ సంతోషించాడు. డబ్బాని గోడకి సరిగ్గా ఆనించాడు. రెండడుగులు వేశాక, ట్రెజరీ ఫారంలో ఫోటో ఉండదని గుర్తొచ్చింది. ప్రింటరు ఆగకుండా ఇంకా కాగితాలు లాగుతూనే ఉంది. పరుగున వెళ్ళి ప్లగ్గు పీకాడు గానీ, అప్పటికి పదకొండు కాగితాలు వచ్చాయి, కాగితానికి రెండు కార్డుల లెక్కన.

సత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చదువుతున్నాడు. లస్కరు ఉద్యోగంలో నీటిమట్టం పుస్తకం చదివినట్టు, వేలు పెట్టుకుని ఒక్కో గీతా చదివాడు. వంటింట్లోంచి వసుంధర వచ్చి, తండ్రి చేతిలో కాగితం చూసి, మొగుడి మొహం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తేదీ ఖాళీగా వదిలారే అల్లుడుగారూ" అన్నాడు సత్తయ్య. "నన్నడిగి వేద్దామనా?"

భానుప్రకాష్ సిగ్గుతో చచ్చిపోయాడనే చెప్పాలి, కార్డు మాత్రం మామగారిది. పీకిన ప్లగ్గు చేతిలో పట్టుకునే జరిగిందంతా చెప్పాడు. డాక్టరు మాట, అత్తగారి పాత ఫైలు, పాతిక కాపీలు రెండుసార్లు కొట్టడం, ఏదీ దాచలేదు. వసుంధర కాగితాలు లాక్కుని పొయ్యిలో పెడతానంది. అపశకునం, ఇంట్లో ఉండకూడదంది. సత్తయ్య ఇవ్వలేదు. మళ్ళీ కింది పేర్ల దగ్గరికి వేలు తీసుకెళ్ళాడు.

"అందరూ ఉన్నారు. బియ్యం కొట్టు తోడల్లుడి మనవడు కూడా ఉన్నాడు. మా అక్క పేరు లేదే?"

మాటల్లేవు కదాని, అని భానుప్రకాష్ నసిగాడు.

"మాటల్లేకపోతే అక్క కాకుండా పోద్దా?"

ఆ అడగడంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని భానుప్రకాష్‌కి అనిపించింది. ఆస్పత్రిలో ఉన్నట్టు అక్కకి కబురన్నా చెప్పారా అని సత్తయ్య కూతుర్ని అడిగాడు. వసుంధర తల దించుకుంది. సత్తయ్య కాగితం మడిచి ప్రింటరు మీద పెట్టాడు.

"నేను బతికుండి పిలిస్తే రాదు. చచ్చానంటే వచ్చిద్ది. మీ అత్తగారప్పుడు చూశారుగా" అన్నాడు.

చూశారు. అప్పుడు అచ్చమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చింది. చావుకి పిలుపులేమిటి, విన్నవాళ్ళు వస్తారు. మరదలి తల నిమిరి ఏడ్చి, తమ్ముడి వంక చూడకుండా, వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయింది.

వరసలో మిగిలిన కార్డులన్నీ భానుప్రకాష్ తీసేశాక, సత్తయ్య ఆ సాయంత్రం రెండు కాగితాలు తీయించుకున్నాడు. ఒకటి లైఫ్ సర్టిఫికెట్. రెండోది కార్డే, కాకపోతే 'ఇట్లు' కింద మొట్టమొదట అచ్చమ్మ పేరు. వసుంధర వద్దని మొత్తుకుంది. భానుప్రకాష్ కిక్కురుమనకుండా అత్తగారి ఫైలు మళ్ళీ తెరిచి అక్షరం అక్షరం కొట్టాడు. ఈసారి ఒక్కటే కాపీ, నిలబడి చూసుకున్నాడు.

మర్నాడు మామా అల్లుడూ ట్రెజరీలో ఫారం ఇచ్చి, అక్కణ్ణుంచే కారు మాట్లాడుకుని పామర్రు మీదుగా ఘంటసాల వెళ్ళారు. దారి పొడుగునా, కాలవ దాటినప్పుడల్లా సత్తయ్య తల తిప్పి నీళ్ళు ఎంత ఉన్నాయో చూశాడు.

అచ్చమ్మ పంచలో చేటతో మినుములు బాగుచేస్తోంది. కారు దిగినవాళ్ళని ఒకసారి చూసి, మళ్ళీ చేటలోకి దించిన తల ఎత్తలేదు. అరుణ్ మాత్రం ఎదురొచ్చి, రండి మావయ్యా, రా అన్నయ్యా అని కుర్చీలు వేశాడు. సత్తయ్య కూర్చోలేదు. కార్డు తీసి మేనల్లుడి చేతిలో పెట్టి, మీ అమ్మకి చదివి వినిపించమన్నాడు. అరుణ్ గట్టిగా మొదలెట్టి, స్వర్గస్థులైనందున దగ్గర ఆగిపోయాడు.

"ఎవర్రా పోయింది?" అంది అచ్చమ్మ, తలెత్తకుండానే.

అరుణ్ కార్డునీ మనిషినీ మార్చి మార్చి చూశాడు. "మావయ్య" అన్నాడు.

చేట ఆగింది. ఆవిడ తల ఎత్తి, ఎదురుగా నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. చిక్కి సగమయ్యాడు. చొక్కా భుజాలమీంచి జారుతోంది.

"చస్తేనే వస్తావు గదా అని వేయించా" అన్నాడు సత్తయ్య. "ఆగలేక నేనే వచ్చా."

ఏం జబ్బు చేసిందని ఆవిడ తమ్ముణ్ణి అడగలేదు, భానుప్రకాష్‌ని అడిగింది. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళకి ఆవిడ అతనితో మాట్లాడిన మొదటి మాట అది. అతను బందరు ఆస్పత్రీ, డాక్టరు చెప్పిందీ అంతా చెప్పాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

వంద సాకులున్నాయి. ఫోన్ కలవలేదనొచ్చు, హడావుడి అనొచ్చు. అరుణ్ కూడా ఏదో సర్దిచెప్పబోయాడు.

"వసుంధర చెబుదామంది. నేనే వద్దన్నానండీ పెద్దమ్మగారూ" అన్నాడు భానుప్రకాష్. "మీరొస్తే నా గురించి గొడవవుద్దని భయపడ్డాను. తప్పయింది."

ఆవిడ అతన్ని కిందికీ పైకీ చూసింది. కొడుకు చేతిలోంచి కార్డు తీసుకుంది. చదువు రాదు గానీ నవ్వుతున్న ఫోటో మీద వేలు పెట్టింది. నా పేరెక్కడ అంటే, మొదటిదే నీది అని అరుణ్ చూపించాడు. దానిమీదా వేలు పెట్టింది. అప్పుడు దుఃఖం ఆగలేదు. కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా, చేటలో మినుముల మీద కన్నీళ్ళు పడుతుంటే, తమ్ముణ్ణి తిట్టడం మొదలెట్టింది.

"ఒరే సత్తిగా, చంకనెత్తుకు మోసిందాన్ని. నీ కార్డులో నా పేరేంట్రా? నా కార్డులో నీ పేరుండాలి గానీ!"

సత్తయ్య అక్క పక్కనే నేలమీద కూర్చుండిపోయాడు. లేవడం కష్టమని తెలిసి కూడా కూర్చున్నాడు. ఆవిడ తమ్ముడి భుజం మీద చొక్కా సర్ది, కోడల్ని కేకేసి, ఇంకో రెండు గ్లాసులు బియ్యం పొయ్యమంది.

భోజనాలయ్యాక కారు దగ్గర అచ్చమ్మ భానుప్రకాష్‌ని పక్కకి పిలిచింది. కార్డు మడిచి రొంటిన దోపుకుని ఉంది, తిరిగి ఇచ్చే ఉద్దేశం లేదు.

"దీనికి నా ఫోటో పెట్టి ఒకటి రాసి ఉంచు అబ్బాయ్. వీడి పేరు ముందు వెయ్యి, నీ పేరు కూడా వెయ్యి. తేదీ ఖాళీగా ఉంచు."

అలాగేనండీ అన్నాడు భానుప్రకాష్. రాసి ఉంచుతానుగానీ ప్రింటు మాత్రం నొక్కనని కూడా చెప్పాడు.