అతుక్కోని బొక్కలు

నాచారంల ఒక మందుల కంపెనీల గినీపిగ్గులను సాకుడు నా పని. తోక లేకుండ చిన్న చెవులపిల్లి లెక్కుంటయి. పొద్దున తలుపు తియ్యంగనే గడ్డి కోసం ఒకటే కీచుకీచులు. సూడితో ఉన్నదాన్ని ఎత్తి కాళ్ల నడుమ వేలు పెట్టి సూస్త. ఆడ కలిసే రెండు బొక్కలు, అంటే ఎముకల నడుమ వేలు పట్టే సందు వచ్చిందంటే రేపో మాపో ఈనుతది.

ఇంకోటి సుత సూసిన. పడుసుల ఈనకపోతే ఆ బొక్కలు అతుక్కపోతయి. తర్వాత సూడి కట్టినా సందు రాదు, ఈనలేక సస్తది. గట్లాంటియి నా చేతులతోనే పాతిపెట్టిన.

ముప్పై నాలుగేండ్లకు నాకు తొలి కడుపు నిలిచింది. మా ఆయన కనకరాజు, రైల్వేల ఫిట్టరు, ఉప్పల్‌ల పేడాలు కొని గల్లీ అంత పంచిండు. నాకు ముద్ద దిగలే. నా బొక్కలు ఎప్పుడో అతుక్కపోయి ఉంటయి, బిడ్డ ఎట్లొస్తది? ఎవలికి చెప్పలే. చెప్తే గినీపిగ్గుతోని పోల్చుకుంటున్నదని నవ్వుతరు, నాకేమో కోపం ముక్కు మీదుంటది.

ఏడో నెల దాటినంక కాళ్ల నడుమ నొప్పి షురువైంది. పక్కకు మల్లితే పానం పోయినంత పని. నేను బాతు లెక్క నడుస్తుంటే కనకరాజు "జర మెల్లగ, బస్సేం పోతలే" అనేటోడు. ఆయనకేం ఎర్క.

ఒకనాడు ముదురు వయసుల సూడి కట్టిన గినీపిగ్గు కాళ్ల నడుమ వేలు పెట్టిన. సందు లేదు. ఆడనే కూలబడి ఏడ్సిన. మా సైంటిస్టు హైమావతి మేడం, కాకినాడ మనిషి, ఉరికొచ్చింది. అంత చెప్పిన. ఆమె నవ్వలే.

"మనిషికి అలా కాదు శాంతాబాయ్. ఆడవాళ్లకి ఆ ఎముకల మధ్య మెత్తటి అతుకు ఉంటుంది. వయసొచ్చినా అది ఎముకగా మారదు. నీ నొప్పి ఎందుకనుకున్నావ్? అది వదులవుతోంది."

"ఎవలు వదులు చేస్తున్నరు మేడం?"

"నీ ఒళ్లే. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్లు రక్తంలో తిరిగి కబురందిస్తాయి. అప్పుడు ఎంజైములు పనిలోకి దిగుతాయి. లోపల తాళ్లలాంటి పోగులుంటాయి, వాటిని కొంచెం కొంచెంగా కత్తిరించి మెత్తబరుస్తాయి. గర్భసంచి మూతి ముక్కు కొసలా గట్టిగా ఉండేది, కాన్పు నాటికి పెదవిలా అవుతుంది. అయినా ఇంట్లో కనకు, ఆసుపత్రికి వెళ్లు."

ముక్కు పట్టి సూసుకున్న. ఎన్కనే పెదవి పట్టుకున్న. నేను గడ్డి కోసేటప్పుడు, కనకరాజు మీద ఒర్రేటప్పుడు, సస్తనని ఏడ్సేటప్పుడు సుత లోపల గింత పని నడుస్తున్నదా? నన్ను ఒక్కమాట అడగలే, నా భయాన్ని పట్టించుకోలే. దండం పెట్టబుద్ధయింది. ఎవలికి పెట్టాల్నో తెల్వక కడుపుకే పెట్టుకున్న.

దవాఖానాల ఆడపిల్ల పుట్టింది. ఆ నొప్పుల సంగతి అడగొద్దు. తెల్లారి పాలిస్తుంటే కడుపుల మల్ల మెలిపెట్టింది. ఇగ అయిపోయిన అనుకొని నర్సును పిలిచిన.

"పిల్ల పాలు గుంజినప్పుడల్ల నీకొక హార్మోను ఊరుతది. దాంతోని గర్భసంచి ముడుసుకుంటది. కొన్ని వారాలల్ల మల్ల పిడికిలంత అయితది" అన్నది నర్సు.

పిల్ల కండ్లు మూసుకొని గుంజుతనే ఉన్నది. నా సావు దీని చేతులనే ఉన్నదని ఇన్ని నెలలు వణికిన. అదేమో పుట్టంగనే నన్ను బాగుజేసే పనిల పడ్డది.