మేడిచెట్టు పూసిన వారం

మా ఆయనకు తూర్పేదో పడమరేదో తెలియదు. ఊళ్లో మాత్రం ప్రకృతిని ఆయనంత దగ్గరగా చూసినవారు లేరని పేరు. బడిపంతులుగా రిటైరయ్యాక మా ఊరి వారపత్రికలో 'రుతువూ రుచీ' అనే శీర్షిక రాస్తున్నారు. శుక్రవారం శుక్రవారం మూడో పేజీలో వస్తుంది. కింద ఆయన పేరు, పక్కన జుట్టు నల్లగా ఉన్న కాలం నాటి ఫొటో.

ఆ శీర్షిక పుట్టేది మా వంటింట్లో. సాయంత్రం నేను కూరలు తరుగుతుంటే ఆయన కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని, "ఏంటి విశేషాలు?" అంటారు. నేను చెబుతాను. చలి ముదిరాక రొట్టెల కొట్టతను పిండిని పొయ్యి పక్కకి జరిపినా సరిగ్గా పొంగడం లేదని. ఎండ వీధి దాటి ఇవతలికి రాగానే దర్జీ మిషను అరుగు మీద నుంచి లోపలికి పోతుందని. వానలు పట్టుకున్నాక వంకాయల్లో పురుగు మొదలైందని, ఎండాకాలం నీళ్లు చాలక దోసకాయ తొడిమ దగ్గర చేదెక్కుతుందని. శుక్రవారం చూస్తే అదంతా "ఇవాళ సంతలో నడుస్తుంటే నాకు తోచింది" అని మొదలవుతుంది. ఆయన సంత మొహం చూసి ఎన్నేళ్లయిందో. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు.

ఇన్నాళ్లూ ఊరుకున్నాను. మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏమిటిలే అనుకున్నాను. ఈ వేసవిలో ఆ వ్యాసాలన్నీ పుస్తకంగా వేస్తామని పత్రికవాళ్లు ఇంటికొచ్చారు. వాళ్లు వెళ్లాక అడిగాను.

"ముందు పేజీలో ఒక్క ముక్క వేయించండి. ఇవన్నీ మా ఆవిడ చూసి చెప్పినవి అని."

"ఇంటి సంగతులు పుస్తకంలో ఎందుకే, ఎబ్బెట్టుగా ఉంటుంది," అన్నారు. "అయినా నువ్వు చెప్పేవి కబుర్లు. వాటికో రూపం ఇచ్చేది నేను కదా."

"పోనీ అంకితమైనా ఇవ్వండి."

"అది ఎడిటరు గారికని మాటిచ్చేశాను."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆకులు మాత్రం వారం వారం కోసుకోవచ్చు కాబోలు. ఆ ఒక్క ముక్క కోసం నా ప్రాణం అంతలా కొట్టుకున్నందుకు ముందు నాకే సిగ్గేసింది. సిగ్గు తగ్గాక కోపం వచ్చింది.

మర్నాడు విశేషాలేంటని అడిగితే చెప్పాను. "మన వెనక సందులో మేడిచెట్టు పూసిందండీ. తెల్లగా. సందంతా ఒకటే వాసన."

మేడిచెట్టుకు పువ్వు బయటికి కనిపించదు. కాయ లోపలే పూస్తుంది. కాయ చీలిస్తే నూగులా కనిపిస్తుందే, అదే పువ్వు. చెట్టెక్కిన ప్రతి పిల్లకూ తెలిసిన సంగతి. ఆయన మాత్రం "గుత్తులా, విడిపూలా?" అని అడిగి మరీ రాసుకున్నారు. ఆ చెట్టు మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. తల తిప్పితే చాలు. తిప్పలేదు.

శుక్రవారం మూడో పేజీ నిండా మేడిపూలే. కొమ్మలకు వెన్నెల గుత్తులుగా పూసిందని కూడా రాశారు. ఇవాళ ఊరంతా పగలబడి నవ్వుతుంది, అప్పుడు తెలిసొస్తుంది ఈయనకి అనుకుంటూ సంచీ తీసుకుని బయల్దేరాను.

రొట్టెల కొట్టతను రొట్టె కాగితంలో చుడుతూ, "మాస్టారు ఎంత బాగా రాశారమ్మా. పొద్దున్నే కొట్టు తీస్తుంటే నాకూ అదే వాసన," అన్నాడు. అతని కొట్లో పొయ్యి పొగ తప్ప ఇంకో వాసన తగలదు. దర్జీ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆ పూలు ఈసారి తొందరగా వచ్చాయట, నిరుడు బాగా ఆలస్యమట. కూరగాయలమ్మే ఆవిడ ఏటా గంపలకొద్దీ మేడిపళ్లు అమ్మిన మనిషి. కాసేపు ఆలోచించి, "పెద్దాయన రాశారంటే ఉండే ఉంటాయిలే తల్లీ," అంది. ఆయన తానా అంటే వీళ్లు తందానా. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ సందులోకి వెళ్లి తలెత్తి చూడలేదు.

ఇక మిగిలింది పక్క ఊళ్లో ఉండే మా అక్క. చిన్నప్పుడు మేమిద్దరం మేడిచెట్టెక్కి కాయలు చీల్చి, పురుగుందో లేదో చూసుకుని తిన్నవాళ్లం. దానికి తెలియకపోవడం ఉండదు. మధ్యాహ్నం దాని ఫోను వస్తే చేతులైనా తుడుచుకోకుండా తీశాను.

"చదివానే," అంది అక్క. "మన చిన్నతనం కళ్లకు కట్టించారు మరిది గారు. ఆ పూలు నువ్వు కోసి కిందకి పడేస్తుంటే నేను దండ కట్టేదాన్ని, గుర్తుందా?"

"మేడిచెట్టుకి పూలెక్కడివక్కా?"

"నీకు మరుపు ఎక్కువైంది. మీ ఆయన్ని అడుగు, చెబుతారు," అంది.

నా చిన్నతనం కూడా ఆయన ఖాతాలోకే పోయింది. ఏడుపొచ్చింది. తిన్నగా ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను. "మేడిచెట్టు పూయలేదు. పూయదు కూడా. మిమ్మల్ని నలుగురిలో నవ్వులపాలు చేద్దామని అబద్ధం చెప్పాను," అన్నాను.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "అలాగా. పోనీలే, జనానికి నచ్చింది కదా. పుస్తకంలో మొదట అదే వేద్దామంటున్నారు ఎడిటరు గారు."

ఆ సాయంత్రం కూరలు ముందేసుకుని, ఇక చచ్చినా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆయన ఎప్పటిలాగే కుర్చీ లాక్కున్నారు. "ఏంటి విశేషాలు?" అన్నారు.

కూరలు తరుగుతూనే ఉన్నాను. కానీ పొద్దున దర్జీ కొట్టు ముందు ఒక పిచ్చుకను చూశాను. తనకంటే పొడవైన గుడ్డపీలిక ముక్కున కరుచుకుని చూరులోకి దూరాలని దాని తాపత్రయం. పీలిక అడ్డం పడుతుంది, కింద పడిపోతుంది, మళ్లీ దిగొచ్చి తీసుకుపోతుంది. అంత కోపంలోనూ సంచీ బరువు మరిచిపోయి నవ్వుకుంటూ నిలబడిపోయాను. దర్జీ తలెత్తలేదు. అప్పటి నుంచీ అది ఎవరికైనా చెప్పాలని ఒకటే ఆరాటం. అక్కకి చెబితే మరిది గారిని అడగమంటుంది. ఈ ఊళ్లో నేనేం చూశానని అడిగే మనిషి ఈయనొక్కరే.

చెప్పాను.

"పీలిక ఏ రంగు?" అన్నారు ఆయన, కాగితం అందుకుంటూ.

"నీలం," అన్నాను.