పరిశీలకుడి నడుం నొప్పి

ఆ రోజుల్లో నర్సీపట్నానికి సినిమా కంటే ముందు దాని సమీక్ష వచ్చేది. విశాఖపట్నంలోనూ అనకాపల్లిలోనూ ఆడి, ప్రింటు మీద గీతలు పడ్డాక గానీ బొమ్మ ఇక్కడికి చేరేది కాదు. సినిమా వారపత్రిక ‘రజతరేఖ’ మాత్రం ప్రతి శుక్రవారం పొద్దున్నే బస్సు దిగేది. శాఖా గ్రంథాలయంలో దాని కోసం కాసుకు కూర్చునేవాళ్లు ఏడెనిమిది మంది ఉండేవారు. వాళ్లందరి కంటే ముందు చదివేది మాత్రం గ్రంథపాలకురాలు అలివేలుమంగ.

ఆమెకు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. ఏడాదికి మూడు సినిమాలు చూస్తే ఎక్కువ. కానీ సమీక్షలంటే ప్రాణం. ‘రజతరేఖ’లో ప్రతి కొత్త సినిమాకూ ముగ్గురు సమీక్షకులు ఎవరికి వారు నూటికిన్ని అని మార్కులు వేసేవారు. సంజయ, కుమారి నళిని, పరిశీలకుడు. మూడూ కలం పేర్లే. ఆరేళ్లుగా చదివి చదివి ఆ ముగ్గురూ ఆమెకు పక్కింటి మనుషుల్లా అయిపోయారు. సంజయకు ఎక్కడైనా కాస్త కొత్తదనం కనిపిస్తే చాలు, అరవై దాటిస్తాడు. తల్లి పాత్ర బాగుంటే నళిని మిగతా తప్పులన్నీ కాచేస్తుంది. పరిశీలకుడు ఒక్కడే అంతు చిక్కడు. ఒక వారం ఎనభై వేస్తాడు, మరో వారం ముప్పై. రెండు సినిమాలూ చూసినవాళ్లు రెండూ ఒకలాంటివే అంటారు.

1981 వేసవిలో ఆ పత్రిక ఒక పోటీ పెట్టింది. చక్రధర్ హీరోగా రెండేళ్ల నుంచి తీస్తున్న ‘ఏడు గుర్రాల దొర’ విడుదలకు సిద్ధమైంది. దానికి మా ముగ్గురు సమీక్షకులు ఎన్నెన్ని మార్కులు వేస్తారో ముందే చెప్పండి, ఒక్కొక్కరికీ కారణం ఒక్క వాక్యంలో రాయండి అని ప్రకటన.

ఆ ప్రకటన చూసిన రోజే లోవరాజు మాకవరపాలెం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, చెరకు రైతు, చక్రధర్ అభిమాన సంఘానికి అధ్యక్షుడు.

“అమ్మగారూ, సూసేరా? మూడు తొంబైలు రాసీసి బేగి పోస్టులో పడీయండి. ఇందులో ఆలోసించడానికేటుంది?”

“బొమ్మ ఇంకా రాలేదు కదయ్యా.”

“బొమ్మెందుకండీ? మావోడున్నాడు కదా!”

అలివేలుమంగ నవ్వింది. “వాళ్లు అడిగింది బొమ్మ ఎలా ఉంటుందని కాదు లోవరాజూ. ఈ ముగ్గురూ ఎలాంటి మనుషులని.”

లోవరాజు ఆ మాట పట్టించుకోలేదు. అక్కడే బల్ల మీద కార్డు పెట్టి మూడు తొంభైలూ వేసి, మూడింటికీ ‘చక్రధర్ గారి నటన’ అని ఒకే కారణం రాసి పోస్టు చేసి వెళ్లిపోయాడు.

అలివేలుమంగ సంజయకు అరవై రెండు రాసుకుంది. గుర్రాల మీద యుద్ధం తెలుగులో ఇంత భారీగా ఎవరూ తీయలేదని ఊదరగొడుతున్నారు, అతనికి ఆ మాత్రం చాలు. నళినికి డెబ్బై అయిదు. వాల్‌పోస్టరు మీద హీరో పక్కన తల్లి బొమ్మే పెద్దది. పరిశీలకుడి దగ్గర కలం ఆగిపోయింది. పాత సంచికలు సంచీలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లింది.

ఆమె భర్త భానుమూర్తి తాలూకా ఆఫీసులో గుమాస్తా. సినిమాల గోల ఆయనకు పట్టదు. రెండేళ్లుగా ఆయన్ని నడుం నొప్పి పీడిస్తోంది. ఆఫీసు నుంచి రాగానే చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, ఓ గంట కదలడు. ఆ గంటా భార్య ఏదో ఒకటి చదివి వినిపించాలి. ఆ వారమంతా పరిశీలకుడి పాత సమీక్షలే వినిపించింది.

నాలుగో రోజు ఆయన పడుకునే చెయ్యెత్తాడు.

“ఆగు. ఆ ముక్క మళ్లీ చదువు.”

“‘చివరి అరగంటా వెనక్కి ఆనకుండా చూశాను.’”

“ఎన్ని వేశాడు దానికి?”

“ముప్పై నాలుగు.”

“నిన్న చదివినదాంట్లో ఏదో ఉంది, విశ్రాంతిలో లేచి నాలుగడుగులు వేశాక గానీ కథ ఒంటబట్టలేదని. దానికి?”

“నలభై ఒకటి.”

భానుమూర్తి మెల్లగా పక్కకు తిరిగి, మోచెయ్యి ఆనించి లేచి కూర్చున్నాడు. “మంగా, ఈయనకి నడుం నొప్పే.”

“ఎవరికి?”

“నీ పరిశీలకుడికి. వెనక్కి ఆనకుండా చూశాడంటే అంత బాగుందని నువ్వు అనుకున్నావు. ఆనలేక చూశాడాయన. ఆనితే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా.”

అలివేలుమంగ మొదట నమ్మలేదు. కానీ ఓ తెల్లకాగితం తీసుకుని ప్రతి సమీక్ష పైనా అచ్చేసిన సినిమా నిడివీ, పరిశీలకుడు వేసిన మార్కులూ ఎదురెదురుగా రాసుకుంటూ పోయింది. పద్నాలుగు రీళ్ల బొమ్మలన్నిటికీ డెబ్బై పైనే. పదహారుకు యాభై చిల్లర. పదిహేడు దాటితే నలభై దగ్గర దిగబడిపోతున్నాడు. ఆరేళ్లలో ఎక్కడో రెండు తప్ప అన్నీ ఆ లెక్కలోనే పడ్డాయి.

‘ఏడు గుర్రాల దొర’ ప్రకటనలో పెద్దక్షరాలతో వేశారు: పద్దెనిమిది రీళ్ల మహాచిత్రం.

“నలభై రెండు,” అంది అలివేలుమంగ. ఆ అంకె వేస్తుంటే ఆమెకు గమ్మత్తయిన ఆనందం కలిగింది. ఆరేళ్ల నుంచి ముఖం దాచుకుని తిరిగిన మనిషి ఒక్కసారి ఎదుటికి వచ్చి నిలబడ్డట్టుంది. అయితే కారణం రాసేటప్పుడు చెయ్యి ఆడలేదు. మనిషి జబ్బు సంగతి పత్రికవాళ్లకు ఎలా రాస్తాం? చివరికి ఇలా రాసింది: ‘ఈ సమీక్షకుడికి ఎక్కువసేపు కూర్చోవడం కష్టమనుకుంటాను. పద్దెనిమిది రీళ్లు ఆయన ఓపికకు మించినవి.’

మర్నాడు లోవరాజు వచ్చినప్పుడు ఆమె దాచకుండా చెప్పేసింది. అతని మొహం వాడిపోయింది.

“నలబై రెండేటండి అమ్మగారూ! మా ఊరి బళ్లో ఎనకబెంచీ ఓడిక్కూడా అంతకన్నా ఎక్కువొస్తాయి కదండీ!”

బొమ్మ విడుదలైంది. రెండు వారాలకు సమీక్ష వచ్చింది. ఆ శుక్రవారం గ్రంథాలయం తలుపు తీసేసరికి గుమ్మం ముందు ఇరవై మంది. అలివేలుమంగ కట్ట విప్పి, ముద్ర వేసి, నిలబడే పేజీ తిప్పింది.

సంజయ అరవై మూడు. ఒక్క మార్కు తేడా. నళిని యాభై ఒకటి. ‘తల్లిని రెండో రీలులోనే చంపేసి మిగతా పదహారు రీళ్లూ గుర్రాలను చూపించారు’ అని మండిపడింది. ఈమెను అంత బాగా ఎరుగుదునని అనుకున్న అలివేలుమంగ, ఇరవై నాలుగు మార్కులు తప్పేసరికి ఉసూరుమంది. తర్వాత చూపు కిందికి జారింది.

పరిశీలకుడు: నలభై రెండు.

ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి మళ్లీ చూసుకుంది. పక్కన నిలబడి చదువుతున్న లోవరాజు మాత్రం మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం అయిదింటికి అభిమాన సంఘం వాళ్లు పదిహేను మంది గుంపుగా వచ్చారు. పత్రికను సెంటర్లో తగలబెట్టాలని నిర్ణయం. దుకాణంలో కాపీలు అయిపోయాయి. గ్రంథాలయం కాపీ కావాలి. లోవరాజు అందరికీ ముందు నిలబడ్డాడు గానీ తల ఎత్తడం లేదు. మాట్లాడుతున్నది మంగరాజు అనే లారీ డ్రైవరు.

“పుస్తకం ఇచ్చీయండమ్మా. మేం మీతో గొడవకి రాలేదు.”

“ఇది గ్రంథాలయం సొత్తు. ముద్ర చూడండి. కావాలంటే ఇక్కడ కూర్చుని చదువుకోండి, తీసుకెళ్లడానికి కుదరదు.”

“సదవడానికేటుంది? మీరు ముందే నలబై రెండని రాసేరంట కదా. బొమ్మ ఆడకముందు మీకెలా తెలిసింది? మీరు సెప్తేనే ఆడు ఏసినట్టున్నాడు!”

వెనక ఇద్దరు ముగ్గురు “అదే, అదే” అన్నారు. అలివేలుమంగ పత్రికను మడిచి రెండు చేతులతో గుండెలకు పట్టుకుంది. “నేను చెప్తే వినడానికి ఆయనెవరో నాకు తెలియదు నాయనా,” అంది.

ఆ మాట విని లోవరాజు తలెత్తాడు. గిరుక్కున తిరిగి తనవాళ్లకు ఎదురుగా నిలబడ్డాడు.

“ఒరే మంగరాజూ, అమ్మగారిని అలాగ అడక్కు. నాకు ముందే సెప్పేరు. లెక్కేసి సెప్పేరు. నానే నమ్మలేదు.”

“ఏటి ఆ లెక్క?”

సరిగ్గా అప్పుడే భానుమూర్తి, రోజూలాగే భార్యను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాడు. ఒక చెయ్యి నడుం మీద వేసుకుని మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, సంగతి అడిగి తెలుసుకున్నాడు.

“లెక్క నాది,” అన్నాడు. “ఆ పెద్దమనిషికి నడుం నొప్పి బాబూ. మీ హీరో మీద కోపమేం లేదు. నన్ను తీసుకెళ్లి మూడు గంటలు ఆ రేకు కుర్చీలో కూర్చోబెట్టండి. నలభై రెండు కాదు, పన్నెండు వేస్తాను. ఇంద్రుడొచ్చి నటించినా పన్నెండే.”

ఎవరో కిసుక్కున నవ్వారు. మంగరాజు మాత్రం నవ్వలేదు. భానుమూర్తి నడుం మీది చేతిని అదే పనిగా చూశాడు.

“కూకుంటే కాలు కూడా లాగుతాదండీ?”

“ఎడం కాలు. మడమ దాకా.”

“నాకు కుడిది,” అన్నాడు మంగరాజు. “లారీ మీద ఎనిమిదేళ్లు.”

తర్వాత పావుగంట సేపు వాళ్లిద్దరూ బెంచీ కొస మీద కూర్చుని ఎలా పడుకుంటే హాయిగా ఉంటుందో చెప్పుకున్నారు. మిగతావాళ్లు కాసేపు నిలబడి, తగలబెట్టే సంగతి ఎవరూ ఎత్తకపోయేసరికి తలో పత్రికా తీసుకుని కూర్చున్నారు. అలివేలుమంగ గుండెలకు పట్టుకున్న పత్రికను బల్ల మీద పెట్టింది.

“నడుం నొప్పికి సంతలో కొండోళ్లు తెచ్చే నూనుంది కదండీ,” అన్నాడు లోవరాజు ఉన్నట్టుండి. “మా నాయన సెరకు కొట్టే రోజుల్లో అదే రాసుకునీవోడు. ఆయనకో సీసా పంపిత్తే?”

“ఎవరికి?”

“పరిశీలకుడు గారికి. రాసుకుని, తగ్గినాక మళ్లీ సూడమందాం.”

మంగరాజు తొడ చరిచాడు. “అది మాట!”

వచ్చే సంతలో నూనె కొన్నారు. సీసా మూతకు మైనం పెట్టి, గడ్డి చుట్టి, చెక్కపెట్టెలో పెట్టారు. ఉత్తరం లోవరాజు చెబుతుంటే అలివేలుమంగ రాసింది. “అయ్యా, మీ నడుం మీద మాకు గౌరవం ఉంది,” అని అతను మొదలుపెట్టాడు. ఆమె కలం ఎత్తి కాసేపు నవ్వి, “మీ ఆరోగ్యం మీద” అని దిద్దింది. ‘పడుకునేముందు గోరువెచ్చగా రాయించుకోండి. పదిహేను రోజులయ్యాక బొమ్మ మళ్లీ చూడండి. ఇట్లు, చక్రధర్ అభిమానులు, నర్సీపట్నం’ అని ముగించారు.

పోటీలో మొదటి బహుమతి ఎక్కడో రాయలసీమలో ఉన్న ఒక పోస్టుమాస్టరుకు వెళ్లింది. అలివేలుమంగకు ప్రోత్సాహక బహుమతి కింద గ్రంథాలయానికి ఏడాది పాటు పత్రిక ఉచితం అన్నారు. ఆ సంగతి రాసిన ఉత్తరాన్ని ఆమె నోటీసు బోర్డు మీద అంటించింది. అయితే అందరూ ఎదురుచూసింది ఇంకోదాని కోసం. నెలా పదిహేను రోజులకు అది వచ్చింది. పాఠకుల పేజీలో, నల్లగీతల మధ్య.

‘నర్సీపట్నం మిత్రులకు. నా వయసు అరవై ఆరు. నా నడుం సంగతి మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. మీరు పంపిన నూనె మా ఆవిడ రోజూ రాస్తోంది. ఇప్పుడు పొద్దున్నే నీళ్ల బిందె ఎత్తగలుగుతున్నాను. మీ కోరిక ప్రకారం ‘ఏడు గుర్రాల దొర’ రెండోసారి, సుఖంగా వెనక్కి ఆని చూశాను. నొప్పి ధ్యాసలో మొదటిసారి గమనించని లోపాలు మరికొన్ని కనిపించాయి. నిజానికి రెండు మార్కులు తగ్గించాలి. మీ నూనెకు రెండు కలిపాను. కనుక నలభై రెండే.’

లోవరాజు దాన్ని రెండుసార్లు చదివాడు. మూడోసారి పైకి చదివాడు. చదవడం పూర్తి కాకముందే గ్రంథాలయం అంతా గొల్లుమంది. మంగరాజు కళ్లు తుడుచుకుంటూ, “బిందెత్తుతున్నాడంటరా! మన నూనె పని సేసింది!” అని అందరికీ చెప్పాడు. ఆ పేజీ కత్తిరించి సంఘం గదిలో హీరో పటం కింద అంటించుకుంటామని బతిమాలారు. అలివేలుమంగ ఒప్పుకోలేదు గానీ, ఇంటికి తీసుకెళ్లి తన చేత్తో ఒక నకలు రాసి ఇచ్చింది.

శ్రావణమాసం ముసురులో ‘ఏడు గుర్రాల దొర’ నర్సీపట్నం వచ్చింది. ఆదివారం మ్యాట్నీకి లోవరాజు పట్టుబట్టి భార్యాభర్తలిద్దరినీ తీసుకెళ్లాడు. భానుమూర్తికి వరస చివరి కుర్చీ, వెనక దిండు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి గోడకు ఆనుకుని నిలబడే ఏర్పాటూ చేశాడు. ఆయన సగం సినిమా నిలబడే చూశాడు. మంగరాజు పక్కనే నిలబడ్డాడు.

అలివేలుమంగకు బొమ్మ నచ్చింది. తల్లి చచ్చిపోతుంటే ఏడ్చింది. ఏడు తెల్లగుర్రాలు ఏట్లోంచి నీళ్లు చిమ్ముకుంటూ ఒడ్డెక్కుతున్నప్పుడు, హాలంతా ఈలలు వేస్తుంటే, కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగింది.

బయటికి వచ్చేసరికి చినుకులు తగ్గాయి. బస్సు కాంప్లెక్సు దగ్గర మిరపకాయ బజ్జీలు వేయిస్తున్నారు. భానుమూర్తి, మంగరాజు ముందు నడుస్తున్నారు. లోవరాజు కాస్త వెనకబడి, చుట్టూ తనవాళ్లెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు.

“అమ్మగారూ, ఎవరికీ సెప్పకండి. సెకండాఫ్ కొంచెం సాగినట్టు లేదేటండి?”

“నాకేం అనిపించలేదయ్యా,” అంది అలివేలుమంగ. “ఆ ఏట్లో గుర్రాలు ఇంకాసేపుంటే బాగుండును.”

లోవరాజు ఆమెను వింతగా చూశాడు. తర్వాత మొహమంతా నవ్వు చేసుకుని, బజ్జీల బండి వైపు పెద్ద పెద్ద అంగలతో నడిచాడు.