ఇంజను కడుపులో మూడు రోజులు

ఆ కొండ మీద ఎండ దూరపు చుట్టంలాంటిది. ఎప్పుడొస్తుందో, ఎంతసేపు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకని ఆడవాళ్లు ఉతికిన బట్టలు బకెట్లలో పెట్టుకుని పొద్దున్నే స్టేషన్ ముందుకు వచ్చేవాళ్లు. అక్కడ సిమెంటు దిమ్మె మీద పాత ఆవిరి ఇంజను ఉంది. రైలు ఆగిపోయి పద్దెనిమిదేళ్లయింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, నిప్పూ పొగా రెండూ లేకుండానే ఆ ఇంజను రోజూ వేడెక్కేది. దాని మీద పరిస్తే దుప్పట్లు గంటలో ఆరిపోయేవి. మోకాళ్ల నొప్పులవాళ్లు చక్రాలకు వీపు ఆనించి కూర్చునేవాళ్లు. "ఇవాళ సరిగ్గా కాగలేదే" అని ఒకరంటే, "ముసురు కదా" అని ఇంకొకరు సర్దిచెప్పేవాళ్లు. అంతకుమించి దాని గురించి మాటల్లేవు.

దాని మీద పెత్తనమంతా బొగ్గు తాతది. ముప్పై ఏళ్లు అదే ఇంజన్లో పారతో బొగ్గు వేసిన మనిషి. భార్య పోయాక స్టేషన్ వెనక రెండు గదుల ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. ఒక్కగానొక్క కూతురు కొండ కింద పట్నంలో ఉంటోంది. ఆ పిల్ల పోయి పోయి బస్సు డ్రైవర్ని చేసుకుంది. కొండ మీదికి రోడ్డు పడ్డాక బస్సులొచ్చాయి, బస్సులొచ్చాక రైలు ఆగింది. "నా పొయ్యి ఆర్పినవాళ్ల ఇంటికే పోతావా?" అని పెళ్లినాడు తాత అన్న మాటే చివరిది. అది జరిగి ఐదేళ్లు.

ఆ వానాకాలంలో ఏడో నెల కడుపుతో కూతురు తండ్రిని చూడ్డానికి వచ్చింది. వెనకాలే సంచి మోసుకుంటూ అల్లుడు.

"రామ్మా" అన్నాడు తాత, ఆమె పక్కన గాలి తప్ప ఇంకేమీ లేనట్టు.

టీ రెండు గ్లాసులే పెట్టాడు. కూతురు తన గ్లాసు తీసుకెళ్లి వరండాలో కూర్చున్న భర్తకిచ్చి వచ్చింది. తాత చూశాడు. ఇంకో గ్లాసు మాత్రం పెట్టలేదు.

ఆ సాయంత్రం కుండపోత మొదలైంది. కొండచరియ విరిగి రోడ్డు రెండు చోట్ల మూసుకుపోయింది, కరెంటు తీగలు తెగిపోయాయి. తెల్లారేసరికి కూతురికి నొప్పులొచ్చాయి. రెండు గదుల ఆసుపత్రిలో నర్సమ్మ ఒక్కతే కిందా మీదా పడి పురుడు పోసింది. ఆడపిల్ల. బిడ్డ అనడానికే భయమేసేంత చిన్నది.

"తల్లికి రక్తం బాగా పోయింది, కదిలే ఓపిక లేదు" అంది నర్సమ్మ చేతులు తుడుచుకుంటూ. "పాప కిలోన్నర కూడా లేదు. కరెంటు లేక వేడి పెట్టె పనిచెయ్యట్లేదు. ఒళ్లు చల్లబడితే మన చేతుల్లో ఉండదు. వెచ్చగా ఉంచాలి, అంతే."

"వెచ్చగా అంటే ఇంకెక్కడికి? ఇంజను దగ్గరికే" అంది గుమ్మంలో నిలబడ్డ ఇస్త్రీ అత్త, రోజూ ఇంజను మీద బట్టలారేసే ఆడవాళ్లలో పెద్దావిడ.

"అదే నేనూ చెప్పబోతున్నా. పదండి" అంది నర్సమ్మ.

అల్లుడు చొక్కా లోపల పాపను గుండెకు హత్తుకుని ఇంజనెక్కాడు. పొయ్యి తలుపు పక్కన కూర్చోబోతుంటే కింద నుంచి కేక వినిపించింది.

"అక్కడ కాదయ్యా! మాడిపోతుంది!"

అల్లుడితో తాత అన్న మొదటి మాట అదే. ఆయన మోకాళ్లు పట్టుకుంటూ పైకెక్కాడు. "ఎడమ పక్క, కిటికీ కింద కూర్చో. మా అన్నం డబ్బాలు అక్కడే పెట్టుకునేవాళ్లం. వెచ్చబడతాయి గానీ మాడవు."

ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు, ముసురని ఇంజను లోపల ఆరేసుకున్న బట్టలు తీసేసి, ఆ దుప్పట్లతోనే ఇంజనుకు నాలుగు వైపులా తెరలు కట్టారు. మామా అల్లుళ్లు వంతులేసుకున్నారు. ఒకడి ఎదమీద పాప పడుకుంటే రెండోవాడు కునుకు తీసేవాడు. నర్సమ్మ తల్లిపాలు గిన్నెలో తెచ్చి చుక్కచుక్కగా పట్టేది. ఒకే అరుగంత చోటు, ఇద్దరు మగవాళ్లు, మధ్యలో పాప.

రెండో రోజు మధ్యాహ్నం తాత ఇనుము మీద అరచెయ్యి ఆనించి మొహం చిట్లించాడు. వేడి దిగిపోతోంది. పాప వేళ్లు నీలంగా మారుతున్నాయి. ఆయన బాయిలరుకు దగ్గరగా వంగి, అలిసిపోయిన ఎద్దును బుజ్జగించినట్టు మొదలుపెట్టాడు. "ఇంకొక్క మలుపే తల్లీ. ఇది దాటితే కొండెక్కేసినట్టే. నన్నెప్పుడైనా దారిలో వదిలేశావా? ఇంకొక్క మలుపు."

అంటుండగానే అల్లుడు చూస్తున్నాడని గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

"నేనూ మాట్లాడతాను మామయ్యా" అన్నాడు అల్లుడు మెల్లగా. "లోడు ఎక్కువై బస్సు మొరాయిస్తే."

తాత అతనివైపు తిరిగాడు. "వింటుందా?"

"దాని బుద్ధి బాగుంటే."

తాతకు నవ్వు ఆగలేదు. ఆయన ఎదమీదున్న పాప ఆ కుదుపుకు ఉలిక్కిపడి, పుట్టాక మొదటిసారి గట్టిగా ఏడ్చింది. కింద బకెట్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు "హమ్మయ్య!" అన్నారు. కాసేపటికి ఇనుము మళ్లీ కాగింది. ఎంతగా అంటే, పైకప్పు మీద పడ్డ వాన చుయ్యిమంటూ ఆవిరైపోయింది.

మూడో రోజు రోడ్డు బాగు చేశారు, అంబులెన్సు వచ్చింది. తల్లీబిడ్డలతో ఒక్కరికే చోటన్నారు.

"మీరెక్కండి మామయ్యా. పాప మీ గుండె చప్పుడుకి అలవాటు పడింది" అన్నాడు అల్లుడు. "నేను నడిచొస్తాను."

దిగుతూ తాత అలవాటుగా ఇంజను మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది, నదిలో రాయిలాగా. అది మళ్లీ ఎన్నడూ వేడెక్కలేదు. మర్నాడు బకెట్లతో వచ్చిన ఆడవాళ్లు ఒకసారి తాకి చూసి, కాసేపు నిలబడి, సిగ్నల్ స్తంభానికీ దీపస్తంభానికీ మధ్య తాళ్లు కట్టుకున్నారు. ఇస్త్రీ అత్త మాత్రం పోతూ పోతూ చీర చెంగుతో దాని మొహం తుడిచింది.

అంబులెన్సులో కూతురు కళ్లు తెరిచింది. "నాన్నా, పాప?"

తాత చొక్కా పక్కకు తీసి చూపించాడు. ఆమె వేలితో ఆ చిన్న బుగ్గను ముట్టుకుంది. "మరి ఆయన?"

తాత వెనక అద్దంలోంచి చూశాడు. బురద రోడ్డు మీద, చేత్తో చెప్పులు పట్టుకుని, ఒక మనిషి పరుగులాంటి నడకతో వస్తున్నాడు.

"ఆపు బాబూ" అన్నాడు తాత అంబులెన్సు డ్రైవరుతో.

"చోటు లేదు పెద్దాయనా."

"నా ఒళ్లో కూర్చోబెట్టుకుంటా. ఆపవయ్యా! మా అల్లుడు."