ఎత్తి పోసిన నీళ్ళు

దగ్గు గొంతు దాకా వచ్చింది. సామ్రాజ్యం పెదవులు బిగించి దాన్ని లోపలికి మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులు మాత్రం జీడిపప్పు ఒలుస్తూనే ఉన్నాయి.

బాపట్ల శివార్లలోని ఆ జీడిపప్పు షెడ్డులో దగ్గని మనిషి లేదు. పక్కనే గింజలు వేయిస్తుంటే వచ్చే పొగ గొంతు కోసేస్తుంది. పొగ పోవడానికి గొట్టం పెట్టించండి బాబూ అంటే ఖర్చు అన్నాడు యజమాని బసవేశ్వరరావు. రోజుకి పద్దెనిమిది రూపాయల కూలికి నలభైమంది ఆడవాళ్ళు దగ్గుతూనే ఒలుస్తారు, దగ్గుతూనే కబుర్లు చెప్పుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ దగ్గు ఎవరికీ పట్టలేదు. సూరత్‌లో ప్లేగు వచ్చిందని రేడియో చెప్పిన మర్నాటి నుంచి సామ్రాజ్యం దగ్గు ఒక్కటే రోగమైంది. తక్కినవాళ్ళది పొగ.

ఎందుకంటే ఆమె తండ్రి నేపాలీ. తెనాలి బజార్లో ఇరవై ఏళ్ళు గూర్ఖాగా ఈల ఊదుతూ తిరిగాడు. ఆ ఈల విని నగల కొట్లవాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయారు. రేపల్లె పిల్ల కృపమ్మను చర్చిలో పెళ్ళాడి, ఈ మట్టిలోనే కలిసిపోయాడు. కూతురికి మిగిల్చిన ఆస్తి ఆ చిన్న కళ్ళూ, చప్పిడి ముక్కూ. సామ్రాజ్యానికి తెలుగు తప్ప మరో భాష రాదు. బెజవాడ దాటి ఎరగదు. సూరత్ ఏ దిక్కున ఉందో అసలే తెలియదు. అయినా మొహం చూసి లోకం తీర్పు చెప్పేసింది.

"గూర్ఖావాళ్ళు ఎలకల్ని తింటారంటగా" అంది ఎదుటి వరసలోని ఒకామె, వినపడాలనే.

మొన్న ఆదివారం సామ్రాజ్యం మేనమామను చూడ్డానికి రేపల్లె బయల్దేరింది. తెనాలిలో రైలెక్కి కూర్చోగానే పక్కనున్న పెద్దమనిషి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని లేచిపోయాడు. ఆయన్ని చూసి ఇంకొకరు లేచారు. కాలు పెట్టడానికి చోటులేని పెట్టెలో బెంచీ అంతా ఆమె ఒక్కదానికే వదిలేశారు. తీరా రేపల్లె చేరితే అత్త గుమ్మంలోనే ఆపేసింది. "ఏమనుకోకే అమ్మాయ్. ఈ గొడవ సద్దుమణిగాక రా. ఇంట్లో పిల్లలున్నారు" అంది.

అప్పట్నుంచి సామ్రాజ్యం తెల్లారగానే తలుపేసుకుని చంకలూ గజ్జలూ తడుముకుంటోంది, గడ్డలేమైనా లేచాయేమోనని. కళ్ళు పెద్దవిగా కనపడాలని కాటుక దట్టంగా దిద్దుతోంది. ఏ పాపం ఎరగని మనిషిని తన ఒంటిని తానే అనుమానించుకునే స్థితికి తెచ్చారు. ప్లేగు మాత్రం ఇంతకంటే ఏం చేస్తుంది?

మధ్యాహ్నం నీళ్ళ వేళయింది. షెడ్డు మూల కుండ, దాని మీద గ్లాసు. అందరూ ఆ గ్లాసే ముంచుకుని తాగుతారు. వారం కిందట మేస్త్రీ ముత్తయ్య కొత్త కట్టడి పెట్టాడు.

"ఆ పిల్ల కుండా గ్లాసూ ముట్టుకోకూడదు. అన్నమ్మా, నువ్వే పైనుంచి పొయ్యి. కాదంటే రేపట్నించి రావద్దను. ఓనరుగారి మాట ఇది."

అన్నమ్మ కృపమ్మకు చిన్ననాటి స్నేహితురాలు, సామ్రాజ్యానికి పిన్ని వరస. ఎత్తి పొయ్యడం ఎలాగో ఆమెకు ఒకరు నేర్పక్కర్లేదు. చిన్నప్పుడు ఆసాముల వాకిళ్ళలో దోసిలి పట్టి నిలబడ్డ మనిషే. మోచేతుల మీదుగా కారి రవిక తడిపిన ఆ నీళ్ళు ఆమెకు ఇప్పటికీ గుర్తే. షెడ్డులో సగంమందికి గుర్తే, వాళ్ళూ ఊరి బయటి పాలెం నుంచి వచ్చినవాళ్ళే. అయినా వారం రోజులుగా చూస్తూ ఊరుకున్నారు. తమకంటే కింద నిలబెట్టడానికి ఇన్నాళ్ళకు ఒకరు దొరికారు మరి.

"రామ్మా, దోసిలి పట్టు" అంది అన్నమ్మ, మొహం చూడకుండా.

సామ్రాజ్యం లేచి వచ్చింది. చేతులు చాపలేదు.

"గ్లాసు ఇటియ్యి పిన్నీ."

"మేస్త్రీ చూస్తన్నాడు తల్లీ. పని పోద్దే."

"ఆసాముల వాకిట్లో మీకు నీళ్ళు ఎట్టా పోసేవాళ్ళో నువ్వూ అమ్మా చెప్పుకుని ఏడ్చేవాళ్ళు. పక్కన పడుకుని నేనంతా విన్నా."

సామ్రాజ్యం అన్నమ్మ చేతిలోంచి గ్లాసు తీసుకుని, కుండలో ముంచి, కడుపునిండా తాగింది.

ముత్తయ్య గబగబా వచ్చాడు. "ఎంత పొగరే నీకు. అన్నమ్మా, ఆ కుండ తీసుకెళ్ళి పారబొయ్యి."

ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి. అన్నమ్మ వంగి కుండ అంచు పట్టుకుంది.

"పారబొయ్యి పిన్నీ" అంది సామ్రాజ్యం మూతి తుడుచుకుంటూ. "రేపూ వస్తా. రేపూ ఇట్టాగే ముంచుకు తాగుతా. రోజూ మీరు పారబోస్తా కూర్చోండి."

వెళ్ళి తన చోట కూర్చుని పప్పు దగ్గరికి లాక్కుంది.

"నీకే చెప్పేది అన్నమ్మా" అని అరిచాడు ముత్తయ్య.

అన్నమ్మ కుండ ఎత్తలేదు. అంచు మీంచి చేతులూ తియ్యలేదు.