ఇపి కన్న సెన్బి

వరద నీళ్ళు తీశాక పొలం పనికి ఎక్కువ వ్యవధి ఉండదు. ఒండ్రులో కాలు పిక్క దాకా దిగుతున్నంత కాలం ఎద్దులు నడవలేవు. మడమ ఆనేంత గట్టిపడ్డాక చల్లిన గింజ లోపలికి పోదు, పిట్టల పాలవుతుంది. ఈ రెంటికీ నడుమ దొరికే కాసిని రోజుల్లోనే మాకు ఏడాది తిండి. సరిగ్గా ఆ రోజుల్లోనే రాళ్ళ గనికి వెట్టికి పోయిన మా ఊరి వాళ్ళు తిరిగి వచ్చారు. మా తమ్ముడు సెన్బి వాళ్ళలో లేడు.

వాడితో కలిసి పోయిన పొరుగింటి దెది, ఊళ్ళోకి కూడా పోకుండా ముందు మా పొలం గట్టు మీదికే వచ్చి నిలబడ్డాడు. పెదవులు పగిలి ఉన్నాయి.

"చెప్పు" అన్నాను.

"పొద్దుగూకే వేళ నీళ్ళ తిత్తి తీసుకుని బావి కాడికి పోయాడు, హెనూ. మళ్ళీ రాలేదు. తెల్లారి చూస్తే దారిలో తిత్తి ఉంది. మనిషి లేడు."

"వెతకలేదా?"

"వెతుకుతామన్నాం. మేస్త్రీ ఒప్పుకోలేదు. రాయి ఏటి ఒడ్డుకు చేరాలన్నాడు." కాసేపు కాలి వేళ్ళ మధ్య ఒండ్రు నలిపాడు. "పారిపోయాడని రాసుకున్నారు. ఎర్ర సిరాతో."

నీళ్ళ తిత్తి వదిలేసి ఆ తూర్పు కొండల్లోకి ఎవడూ పారిపోడు. ఆ సంగతి దెదికీ తెలుసు, నాకూ తెలుసు. మేస్త్రీకి తెలియదనుకోను. కానీ మనిషి చచ్చిపోయాడని రాస్తే అతని మీదికి వస్తుంది. పారిపోయాడని రాస్తే మా మీదికి వస్తుంది. పారిపోయిన వాడి ఇంటి నుంచి ఒకరిని పట్టుకుపోయి, వాడు దొరికే దాకా వెట్టిదొడ్డిలో పెడతారు. ముందు పెళ్ళాన్ని అడుగుతారు. సెన్బి భార్య మెరెస్ ఒళ్ళో అప్పటికి పాలు తాగే పిల్ల ఉంది. ఆ దొడ్డిలోకి పోయిన పసిపిల్లలు బయటికి రావడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు.

మర్నాడు కరణం హెతి మా ఇంటికొచ్చాడు. పొట్ట ముందుకొచ్చిన మెల్లని మనిషి. చెవి మీద రెల్లు కలం ఎప్పుడూ ఉంటుంది, స్నానానికి కూడా తియ్యడని ఊళ్ళో అంటారు. వాకిట్లో చాప మీద కూర్చుని, మెరెస్ ఇచ్చిన యవల కల్లు రెండు గుక్కలు తాగి, నెమ్మదిగా చెప్పాడు.

"మనుషుల్ని పట్టుకుపోయే పడవ ఇంకా రాలేదు. వచ్చేలోగా మీరొక పని చెయ్యాలి. చచ్చిపోయిన వాళ్ళకి గిన్నె మీద మాట రాసి, అందులో రొట్టె పెట్టి సమాధి దగ్గర ఉంచుతాం గదా. సెన్బికి అట్లా పెట్టండి. మీ నాన్న సమాధి దగ్గర, ముగ్గురు చూస్తుండగా. అప్పుడు వాడు చచ్చి పడమటి వాళ్ళలో కలిసినట్టు నేను రాసుకోవచ్చు. ఎర్ర సిరా మీద నల్ల సిరా పడుతుంది."

"ఒప్పుకుంటారా పైవాళ్ళు?" అన్నాను.

"తల్లి చేత్తో పెడితే ఒప్పుకుంటారు. బతికున్న కొడుక్కి ఏ తల్లీ ఆ రొట్టె పెట్టదని వాళ్ళకీ తెలుసు."

మా అమ్మ ఇపి, లోపల మోకాళ్ళ మీద కూర్చుని గోధుమలు నూరుతోంది. రాయి చప్పుడు ఆగింది. కరణం వెళ్ళేదాకా మళ్ళీ మొదలవలేదు.

"నేను పెట్టను" అంది, మేం లోపలికి వెళ్ళగానే.

మెరెస్ పిల్లను భుజం మార్చుకుంది. "అత్తా, వాళ్ళు నన్ను తీసుకుపోతారు."

"తీసుకుపోతే తీసుకుపోతారు. వాడు వస్తాడు, నిన్ను విడిపిస్తాడు."

"రాడు అత్తా. తిత్తి దొరికింది."

"తిత్తిని పూడ్చిపెడదామా అయితే? శవం ఎవరు చూశారు? వాళ్ళని ఏమార్చడానికే అది దారిలో పడేసి ఉంటాడు. చిన్నప్పటి నుంచీ వాడికి ఆ తెలివి ఉంది."

"నీళ్ళు లేకుండా ఎంత తెలివున్నా ఏం లాభం?"

"నీకు తొందరగా ఉందే. మళ్ళీ ఎవర్ని చూసుకున్నావు?"

మెరెస్ పిల్లను తీసుకెళ్ళి అమ్మ ఒళ్ళో పెట్టి, బయటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. ఆమె జుట్టు దువ్వి ముడేసే ఉంది. మొగుడు పోయిన ఆడది జుట్టు విరబోసుకుని నెత్తిన మట్టి పోసుకోవాలి. అత్త ఒప్పుకోనిదే అది చేయడానికి లేదు.

"బావా, ఏడవడానికి కూడా నాకు సెలవు లేదు" అంది నాతో, పుల్లలు ఎగదోస్తూ.

లోపల పిల్ల పాలకు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత అమ్మ గడపలోకి వచ్చి, నా వైపు చూడకుండా, "ఎప్పుడంట?" అని అడిగింది.

నాన్న సమాధి ఎడారి అంచున, నీళ్ళు ఎప్పుడూ అందని చోట ఉంది. ఇసుకలో గొయ్యి, పైన రాళ్ళు, అంతే. దెది, మరో ఇద్దరు ఊరివాళ్ళు చూడటానికి వచ్చారు. అమ్మ తానే రొట్టె కాల్చి, ఉల్లిపాయతో కలిపి గుడ్డలో కట్టుకొచ్చింది. కరణం రాయి మీద కూర్చుని ఎర్రమట్టి గిన్నెను తొడ మీద తిప్పుకుంటూ లోపలి వైపు గుండ్రంగా రాసుకుంటూ పోయాడు. అంత చిన్న అక్షరాలు అంత లావు వేళ్ళ నుంచి ఎలా వస్తాయో నాకు తెలియదు. మాలో ఎవరికీ చదువు రాదు.

"ఏం రాశావు?" అంది అమ్మ.

కరణం చదివాడు. "ఇపి కన్న సెన్బికి, వాడి తల్లి చెప్పేది. పడమర నిన్ను బాగా చూసుకుంటున్నదా? నీకు రొట్టె, కల్లు అందుతున్నాయా? నీ ఇంటి మీదికి కీడు వచ్చింది. మీ నాన్న పక్కన నిలబడి మా తరఫున మాట్లాడు."

"ఇందులో వాడి పేరు ఏది?"

కరణం వేలు పెట్టి చూపించాడు. అమ్మ గిన్నె అందుకుని, మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత బొటనవేలు నాలుకకు తడి చేసుకుని ఆ పేరు మీద రుద్దింది. తొందరపడలేదు. వంటపాత్ర తోమినట్టు, గిన్నె మట్టిరంగు బయటపడేదాకా రుద్దింది.

దెది మొహం తిప్పుకున్నాడు.

"ఇపమ్మా, ఏం పనిది" అన్నాడు కరణం. "సిరా ఇంకా ఆరనన్నా లేదు."

"ఆరితే పోదు గదా. వాడు ఎక్కడో దారి వెతుక్కుంటుంటే, పేరు నేను అటు పంపేస్తే, ఇక ఎటు నడుస్తాడు?" గిన్నె అతని ఒళ్ళో పెట్టేసింది. "జామీనుకు మనిషి కావాలి, అంతే గదా. నన్ను రాసుకో."

"నిన్నేం చేసుకుంటారు? నీ కళ్ళు సరిగా ఆనవు."

"నార వడకడానికి కళ్ళెందుకు. వేళ్ళున్నాయి."

మెరెస్ అత్త కాళ్ళు పట్టుకుంది. అమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి, "లే. పిల్ల ఎండలో ఉంది" అంది. కాల్చిన రొట్టెను విరిచి, చూడటానికి వచ్చిన ముగ్గురికీ పంచింది. వాళ్ళు తినాలో వద్దో తెలియక చేత్తో పట్టుకుని ఊళ్ళోకి నడిచారు.

పడవ వచ్చిన రోజు నేను విత్తనం చల్లుతున్నాను. గింజ లోపలికి దిగడానికి గొర్రెల మందను అద్దెకు తెచ్చి మడిలో తొక్కిస్తున్నాను. మధ్యలో ఆపితే మంద వెళ్ళిపోతుంది. అమ్మ ఇద్దరు బంట్ల వెనక గట్టు మీదుగా వచ్చి ఒక నిమిషం ఆగింది.

"పెద్దోడా, ఆ మూల ఆరిపోతోంది. అటు తోలు."

నేను ఆ మూలకు గొర్రెలను తోలాను. తిరిగి చూసేసరికి ఆమె పడవలో కూర్చుని ఉంది.

వెట్టిదొడ్డి ఏటికి దిగువన, నగరం గోడ పక్కన ఉంటుంది. వీలు దొరికినప్పుడల్లా రొట్టె, ఎండు చేప తీసుకుని వెళ్ళేవాణ్ణి. కావలివాడికి అందులో సగం పోయేది. అమ్మ తడికె అవతలికి వచ్చి కూర్చునేది. అవిసె నార కోసి ఆమె వేళ్ళ చివర్లు చిట్లిపోయాయి. ఎప్పుడూ ముందు అదే అడిగేది.

"వచ్చాడా?"

"ఇంకా లేదమ్మా."

"దూరం గదా" అనేది. తర్వాత యవలు ఎంత ఎత్తున ఉన్నాయో, పిల్ల పాకుతోందో లేదో అడిగేది. మెరెస్ జుట్టు సంగతి ఒకసారి అడిగింది. ముడేసుకునే ఉందని చెప్పాను.

యవలు రంగు తిరిగిన రోజుల్లో వెళ్తే, కావలివాడు నా చేతిలో మూట తీసుకోలేదు. అప్పుడే నాకు అర్థమైంది. జ్వరం అన్నాడు. చివర దాకా పడవ చప్పుడైనప్పుడల్లా తడికె దగ్గరికి పాకేదట. "నువ్వు ముందే వస్తావనుకున్నాను" అన్నాడు. వాళ్ళు ఆమెను చాపలో చుట్టి గోడ వెనక పెట్టారు. నేను పడవలో తెచ్చి నాన్న పక్కన ఇసుకలో పడుకోబెట్టాను. మొహం పడమరకు తిప్పాను.

రాళ్ళు పేర్చడం అవకముందే కరణం వచ్చి పక్కన నిలబడ్డాడు. కొత్త గిన్నె తెచ్చాడు.

"హెనూ, ఇది అడగాల్సిన వేళ కాదు. కానీ అక్కడ జామీను ఖాళీ అయింది. ఇంకొకర్ని పంపమంటారు. ఈసారి మెరెస్‌నే."

"తల్లి చెయ్యి ఉండాలన్నావు గదా."

"తల్లి లేనప్పుడు అన్న చెయ్యి చాలు."

మెరెస్ పిల్లను చంకనేసుకుని కొంచెం దూరంలో కూర్చుని ఉంది. పిల్ల ఇసుక తీసి నోట్లో పెట్టుకుంటుంటే చెయ్యి విడదీసి దులిపింది.

"రాయి" అన్నాను.

కరణం కలం తడి చేసుకున్నాడు. రాసి, చదివి వినిపించాడు. పడమటి వాళ్ళకు కొడుకును తల్లి పేరుతోనే చెప్పాలి, లేకపోతే అక్కడ గుర్తుపట్టరు. అందుకని అమ్మ పేరు ముందు వచ్చింది, దాని వెనకే వాడిది. రెండు పేర్ల చివరా చచ్చిపోయిన వాళ్ళకు పెట్టే గుర్తు ఒకటే. చదువు రాని నేను కూడా ఆ రెండు గుర్తులూ ఒక్కలా ఉండటం చూడగలిగాను.

సిరా ఆరేదాకా గిన్నెను ఎండలో పట్టుకున్నాను. రాళ్ళు మోయడానికి వచ్చిన ముగ్గురు చూస్తుండగా రొట్టె పెట్టాను.

అప్పుడు మెరెస్ పిల్లను నాకు ఇచ్చి, ముడి విప్పుకుని, రెండు చేతులా ఇసుక తీసి నెత్తిన పోసుకుంది.